అంగుళానికి అడుగు

ఈ పది పదిహేను నిమిషాల్లో మీతో ఒక కొలత గురించి మాట్లాడతాను. కాగితం, కలం అక్కర్లేదు. రెండు మాటలు గుర్తుంటే చాలు. అంగుళానికి అడుగు. మెట్టు ఎత్తు ఎన్ని అంగుళాలుంటే, దాని పక్కన కట్టే వాలు పొడవు అన్ని అడుగులుండాలి. ఆరంగుళాల మెట్టుకి ఆరడుగుల వాలు. అడుగు ఎత్తున్న అరుగుకి పన్నెండడుగుల వాలు. ఇంజనీర్లు దీన్నే ఒకటికి పన్నెండు అంటారు. ప్రభుత్వ ప్రమాణాల్లో ఉన్న లెక్క కూడా అదే. వికలాంగుల సాధికారత గురించి మాట్లాడడానికి వచ్చి, ఈ మేస్త్రీ లెక్కలేమిటి అని మీకు అనిపించవచ్చు. సాధికారత గురించి సభల్లో చాలా విన్నాం. డిసెంబరు 3, వికలాంగుల దినం వచ్చిందంటే చాలు, శాలువాలు, పండ్లు, నాలుగు మంచి మాటలు. ఆ సభ జరిగే వేదిక ఎక్కడానికి మాత్రం మెట్లే ఉంటాయి. సన్మానం అందుకునే మనిషిని ఇద్దరు మోసుకెళ్ళి పైన కూర్చోబెడతారు. అందుకే ఇవాళ మంచి మాటల్ని కాసేపు పక్కన పెట్టి, కొలత దగ్గర మొదలుపెడుతున్నాను.

ఒక మనిషిని ఊహించుకోండి. చిన్నప్పుడు పోలియో వచ్చింది. కాళ్ళు పనిచేయవు. చేతులు బలంగా ఉన్నాయి. డిగ్రీ చదివారు. కంప్యూటర్ వచ్చు. మూడు చక్రాల బండి మీద ఊరి నుంచి మండల కేంద్రానికి వచ్చారు. ఎండలో నాలుగు కిలోమీటర్లు చేత్తో తిప్పుకుంటూ వచ్చారు. బ్యాంకు ముందు మూడు మెట్లున్నాయి. అక్కడ ఆగిపోయారు. ఇప్పుడు చెప్పండి, ఆయన్ని ఆపిందేమిటి? కాళ్ళే అయితే నాలుగు కిలోమీటర్ల కిందటే ఆపి ఉండాలి. పద్ధెనిమిది అంగుళాల సిమెంటు ఆపింది. ఇది నా చమత్కారం అనుకోకండి. 2006లో ఐక్యరాజ్య సమితి చేసిన ఒడంబడికలో ఉన్న ఆలోచనే ఇది. మన దేశం 2007లో దానికి ఆమోదం తెలిపింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా అదే దారిలో నడిచింది. శరీరంలో దీర్ఘకాలం ఉండే లోపం, సమాజంలో ఉన్న అడ్డంకి, ఈ రెండూ ఎదురుపడినప్పుడు మనిషి నలుగురితో సమానంగా బతకలేకపోతాడు అని చట్టం చెబుతుంది. శరీరం సంగతి డాక్టర్లు చూస్తారు. అది బాగుపడొచ్చు, పడకపోవచ్చు. అడ్డంకి సంగతి మాత్రం మనమే చూడాలి, ఎందుకంటే దాన్ని కట్టింది మనమే.

ఎంతమందికి సంబంధించిన విషయం ఇది? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులున్నారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షలకు పైగా ఉన్నారు. దేశం మొత్తం మీద వీళ్ళలో నూటికి 69 మంది పల్లెల్లోనే ఉంటారు. అప్పటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించేది. 2016 చట్టం 21 రకాల్ని గుర్తించింది. కాబట్టి అసలు సంఖ్య ఇంకా పెద్దదే అయి ఉంటుంది. పోలియో పోయింది కదా, ఇక ముందు ముందు ఈ సమస్య తగ్గిపోతుంది అనేవారు కొందరున్నారు. పోలియో పోయిన మాట నిజమే. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజంగా సోకే వైల్డ్ పోలియో కేసు రాలేదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట ధ్రువపరిచింది కూడా. కానీ పక్షవాతం పోలేదు. రోడ్డు ప్రమాదాలు పోలేదు. షుగరు ముదిరి పాదం తీయించుకునేవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. అరవై దాటాక మోకాళ్ళు మొరాయించేవాళ్ళకి లెక్కే లేదు. పోలియో పసివాళ్ళ దగ్గరికి వచ్చేది. ఇవన్నీ పెద్దవాళ్ళ దగ్గరికి వస్తున్నాయి. నిన్నటి దాకా మెట్లెక్కి దిగిన మనిషే ఇవాళ ఆ మెట్టు కింద ఆగిపోతున్నారు.

సరే, ర్యాంపు కడతాం, దానికి కొలతెందుకు, ఏదో ఒక వాలు పోస్తే సరిపోదా? సరిపోదు. చాలా చోట్ల జరుగుతున్న పొరపాటు ఇదే. ఆరంగుళాల మెట్టు ముందు రెండడుగుల సిమెంటు పోసి, ర్యాంపు కట్టేశాం అని రాసేసుకుంటారు. ఒక లెక్క చూద్దాం. మనిషి అరవై కిలోలు, చక్రాల కుర్చీ ఇరవై కిలోలు అనుకోండి. మొత్తం ఎనభై. అంగుళానికి అడుగు చొప్పున కట్టిన వాలు మీద ఆ బరువులో పన్నెండో వంతు వెనక్కి లాగుతుంది. అంటే ఇంచుమించు ఏడు కిలోలు. కుర్చీలో కూర్చున్న మనిషి తన చేతులతో తానే తోసుకుని పైకి పోగలరు. అదే మెట్టుకి రెండడుగుల వాలు పోశారనుకోండి. అప్పుడు దాదాపు ఇరవై కిలోలు వెనక్కి లాగుతుంది. అంటే నిండు నీళ్ళ బిందెని ఒంటి చేత్తో లాక్కుంటూ పైకి ఎక్కడమే. పైగా వాలు నిటారుగా ఉంటే కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. దిగేటప్పుడైతే మనిషి ముందుకు జారి పడతారు. అలాంటి ర్యాంపు కంటే మెట్టే నయం. మెట్టు కనీసం, నన్నెక్కలేవు అని ముందే చెబుతుంది. అందుకే మళ్ళీ చెబుతున్నాను. అంగుళానికి అడుగు. అంతకంటే పొడవుంటే ఇంకా మంచిది. తక్కువుంటే మాత్రం పనికిరాదు.

ఇప్పుడు అభ్యంతరాల దగ్గరికి వద్దాం. దుకాణదారులు ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది. మా షాపుకి చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళెవరూ లేరండీ, ఎవరి కోసం కట్టాలి? ఈ మాటలో నిజం ఉంది. నిజంగానే ఎవరూ రారు. ముందు మూడు మెట్లు పెట్టుకుని, వాళ్ళు రావడం లేదు కాబట్టి మెట్లు తీయక్కర్లేదు అంటే, ఫలితాన్ని తెచ్చి కారణంగా చూపించినట్టు. వంతెన లేని ఏరు దగ్గర నిలబడి, దీన్ని ఎవరూ దాటడం లేదు కాబట్టి వంతెన అనవసరం అని ఏ ఇంజనీరూ రాయడు. ఇంకో సంగతి కూడా ఉంది. వాలు కట్టాక దాన్ని వాడేది చక్రాల కుర్చీవాళ్ళు మాత్రమే కాదు. గ్యాసు సిలిండరు తెచ్చే కుర్రాడు వాడతాడు. బియ్యం బస్తా దింపే హమాలీ వాడతాడు. చంటిబిడ్డని ఎత్తుకున్న తల్లి, నెలలు నిండిన ఆవిడ, కర్ర పట్టుకు నడిచే పెద్దాయన, అందరూ అటే వెళతారు. 2011 లెక్కల్లోనే దేశంలో అరవై దాటినవాళ్ళు పది కోట్లకు పైగా ఉన్నారు. వ్యాపారం చేసే మనిషికి ఇంతకంటే చెప్పాలా?

రెండో మాట ఇంకా మెత్తగా వినిపిస్తుంది. మేమున్నాం కదండీ, ఎవరైనా వస్తే నలుగురం కలిసి ఎత్తుకుని లోపలికి తీసుకెళతాం. ఇది చెడ్డ మనసుతో అనే మాట కాదు. మన ఊళ్ళలో సాయం చేసే చేతులకి కరువు లేదు. కానీ ఎత్తించుకునే మనిషి వైపు నుంచి ఒక్కసారి చూడండి. బ్యాంకుకి వెళ్ళిన ప్రతిసారీ ఇద్దరు ముగ్గురిని బతిమాలాలి. వాళ్ళు పనిలో ఉంటే ఆగాలి. బయటికి రావాలంటే మళ్ళీ పిలవాలి. ఎత్తేవాళ్ళకి పట్టు తెలియకపోతే కింద పడేస్తారు. వెన్నెముక దెబ్బతిన్నవాళ్ళని ఎలా పడితే అలా ఎత్తితే ఉన్న గాయం ముదురుతుంది. ఇక ఆడవాళ్ళ సంగతి ఆలోచించండి. ఇరవై ఏళ్ళ అమ్మాయిని ముక్కూ మొహం తెలియని మగవాళ్ళు చంకల కింద చేతులు వేసి ఎత్తుతామంటే ఆ అమ్మాయి ఒప్పుకుంటుందా? వాళ్ళ అమ్మ ఒప్పుకుంటుందా? ఒప్పుకోరు. ఎందుకొచ్చిన గొడవ అని ఇంట్లోనే ఉంచేస్తారు. ఆ అమ్మాయి ఇంటర్‌తో చదువు ఆపేస్తుంది. అమ్మాయే మానేసింది, చదువు మీద ఆసక్తి లేదు అని మనం అనుకుంటాం. సాయం చేసే మనసు ఉండడం మంచిదే. కానీ రోజూ సాయం అడిగితే తప్ప గుమ్మం దాటలేని బతుకు స్వతంత్రమైన బతుకు కాదు. ఆరడుగుల వాలు ఎవరితోనూ బతిమాలించుకోదు. పగలూ రాత్రీ అక్కడే ఉంటుంది. విసుక్కోదు.

మూడో అభ్యంతరం స్థలం, డబ్బు. రోడ్డు ఇరుకండీ, వాలుకి చోటెక్కడ? ఏ బజారులోనైనా ఒక పూట నడిచి చూడండి. ఇంటింటి ముందూ మురుగు కాలవ దాటించి సిమెంటు వాలు పోసి ఉంటుంది. ఎవరి కోసం? మోటారు సైకిల్ కోసం! సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతుంది. వాన నీళ్ళు లోపలికి రాకుండా మనం గుమ్మం ఎత్తు పెంచుతాం. బండి ఎక్కడం లేదని మేస్త్రీని పిలిచి, అదే రోజు వాలు పోయించేస్తాం. స్థలం దొరికింది. సిమెంటు దొరికింది. డబ్బు దొరికింది. ఎవరూ ప్రసంగం చేయక్కర్లేకపోయింది. బండి బయట ఉంటే దొంగలెత్తుకుపోతారన్న భయం పనిచేసింది. బండికి ఇంజను ఉంది కాబట్టి ఆరంగుళాల మెట్టుకి రెండడుగుల వాలు సరిపోతుంది. మనిషి చేతులకి ఆరడుగులు కావాలి. తేడా ఆ నాలుగడుగులే. ఆ పొడవుని రోడ్డు మీదికి పోయనక్కర్లేదు. గోడ వెంబడి పక్కకి తిప్పుకోవచ్చు. వాన నీళ్ళు లోపలికి వస్తాయన్న భయం అక్కర్లేదు. వాలు వల్ల గుమ్మం ఎత్తు తగ్గదు. నీళ్ళు వాలు మీంచి బయటికే జారతాయి. అయితే పాత బస్తీల్లో, సందుల్లో, నిజంగానే జానెడు చోటు లేని దుకాణాలున్నాయి. కాదనను. అలాంటి చోట ఒక గట్టి ఇనుప రేకో, మడిచి పెట్టుకునే ర్యాంపో లోపల ఉంచుకోవచ్చు. బయట చేతికందే ఎత్తులో ఒక గంట పెట్టొచ్చు. అది రెండో దారి. వాలు కుదిరే చోట దాన్ని సాకుగా చూపించకూడదు.

మాది ప్రైవేటు షాపు, ప్రభుత్వ ఆఫీసు కాదు కదా అనేవారికి చట్టం ఏం చెబుతుందో విందాం. 2016 చట్టంలో ప్రజా భవనం అంటే ప్రభుత్వానిదే కానక్కర్లేదు. నలుగురూ వచ్చిపోయే ప్రైవేటు భవనం కూడా అందులోకే వస్తుంది. బడి, ఆసుపత్రి, దుకాణం, గుడి, మసీదు, చర్చి, సినిమా హాలు, బస్‌స్టాండు, అన్నీ అందులోవే. 2017 జూన్‌లో నియమాలు వచ్చాయి. అప్పటికే ఉన్న ప్రజా భవనాలన్నిటినీ ఐదేళ్ళలో మార్చాలన్నది చట్టం పెట్టిన గడువు. ఆ గడువు 2022లోనే దాటిపోయింది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల దాకా జరిమానా ఉంది. మళ్ళీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా ఉంది. మరి ఎందుకు మారలేదు? దీనికి జవాబు వెతకడంలో మన హైదరాబాద్‌కి వాటా ఉంది. చూపు లేని రాజీవ్ రతూరి అనే ఆయన 2005లో సుప్రీంకోర్టులో కేసు వేశారు. దాని మీద దేశమంతటా పరిస్థితి ఎలా ఉందో చూసి చెప్పమని కోర్టు హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఉన్న వైకల్య అధ్యయన కేంద్రాన్ని అడిగింది. వాళ్ళు నివేదిక ఇచ్చారు. 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని, నియమాల్లోని 15వ నియమం ఉత్త సలహాల స్థాయికి దించేసిందని కోర్టు గుర్తించింది. ఆ నియమం చెల్లదంది. తప్పకుండా పాటించాల్సిన కనీస ప్రమాణాల్ని మూడు నెలల్లో తయారు చేయమని కేంద్రాన్ని ఆదేశించింది. సలహా అయితే ఎవరి వీలు వాళ్ళది. తప్పనిసరి అయితే మేస్త్రీ టేపు తీయాల్సిందే.

పింఛను ఇస్తున్నాం కదా అనే వాదన కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వికలాంగుల పింఛను నెలకు 6 వేల రూపాయలు. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకు పెంచారు. ఆ డబ్బు కావాలి. దాని మీదే పొయ్యి వెలిగే ఇళ్ళున్నాయి. ఒక్క రూపాయి తగ్గించమని ఎవరూ అనరు. కానీ పింఛను మనిషికి అన్నం పెడుతుంది, గుమ్మం దాటించదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్ ఉంది. పరీక్ష రాసి, ఉద్యోగం తెచ్చుకుని, చేరడానికి వెళితే సెక్షన్ మేడ మీద ఉంటుంది. లిఫ్టు ఉండదు. అప్పుడు ఆ నాలుగు శాతం కాగితం మీదే ఆగిపోతుంది. పింఛనూ, రిజర్వేషనూ, సర్టిఫికెట్టూ అన్నీ అవసరమే. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం శిబిరంలో గంటల తరబడి కూర్చుని తెచ్చుకున్న ఆ సర్టిఫికెట్టు పనికిరావాలంటే, దాన్ని పట్టుకుని మనిషి ఆఫీసు లోపలికి పోగలగాలి.

ర్యాంపు కడితే చూపు లేనివాళ్ళకి, వినికిడి లేనివాళ్ళకి ఏం ఒరుగుతుంది? ఇది న్యాయమైన ప్రశ్న. అన్ని వైకల్యాలకీ వాలు మందు కాదు. పైగా అంచు లేకుండా కట్టిన ర్యాంపు చూపు లేనివాళ్ళకి ప్రమాదం కూడా. తెల్లకర్రకి అంచు తగలక, పక్కకి పడిపోతారు. అయితే ఒక గుమ్మం ముందు నిలబడి, ఇక్కడ ఎవరు ఆగిపోతున్నారు అని అడగడం అలవాటైతే, ఆ ప్రశ్న అక్కడితో ఆగదు. సిమెంటుతో కట్టని మెట్లు కూడా కనిపిస్తాయి. మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా సంగతి మీలో చాలామందికి తెలుసు. పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్సు చదువుతానంటే, చూపు లేనివాళ్ళకి ఆ గ్రూపు ఇవ్వం అన్నారు. కోర్టుకి వెళ్ళి సాధించుకున్నారు. తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివారు. తిరిగొచ్చి హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి, వికలాంగులకి ఉద్యోగాలిచ్చారు. ఆయన మీద 2024లో హిందీ సినిమా వచ్చింది. చప్పట్లు కొట్టాం. అంతకు ముందు తరం, కాలు పోగొట్టుకున్న నర్తకి కథగా వచ్చిన మయూరి సినిమా చూసి కళ్ళు తుడుచుకుంది. నాకు ఆ చప్పట్ల మీద కొంచెం అనుమానం. ఒక మనిషి కోర్టుకెళ్ళి గెలిస్తే తప్ప ఇంటర్‌లో సైన్సు దొరకదంటే, చప్పట్లు కొట్టడం కంటే ముందు ఆ నియమం రాసిందెవరని అడగాలి. కోర్టుకి వెళ్ళలేనివాళ్ళు ఎంతమంది వేరే గ్రూపు తీసుకుని ఊరుకున్నారో ఏ సినిమాలోనూ ఉండదు.

ఇక పనిలోకి దిగుదాం. మీ ఊళ్ళో బడి, రేషన్ షాపు, ఆరోగ్య కేంద్రం, గుడి, ఏదో ఒకటి ఎంచుకోండి. టేపు తీసుకెళ్ళి నేల నుంచి గుమ్మం దాకా ఎత్తు కొలవండి. ఎన్ని అంగుళాలో అన్ని అడుగులు. వెడల్పు నాలుగడుగులుండాలి. పైన తలుపు ముందు కుర్చీ నిలబడి తిరగడానికి ఐదడుగుల చదును కావాలి. తలుపు తెరిస్తే మూడడుగుల దారి ఉండాలి. వాలు మరీ పొడవైతే ముప్పై అడుగులకొకసారి మధ్యలో చదును ఇవ్వాలి. రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీ, కింద చక్రం జారకుండా అంచు. పైన మాత్రం నున్నటి టైల్స్, గ్రానైట్ వద్దు. వాన చినుకు పడితే జారుడు బల్ల అవుతుంది. గరుకు సిమెంటు చాలు. కట్టే మేస్త్రీకి రసమట్టం పెట్టమని చెప్పండి. కట్టే ముందు మీ ఊళ్ళో చక్రాల కుర్చీ వాడే మనిషిని పిలిచి అడగండి. కట్టాక అడిగితే సిమెంటు గట్టిపడిపోయి ఉంటుంది. గుడిలోకి బయటి చక్రాలు ఎలా అని పూజారిగారు సందేహిస్తే, గుడిదే ఒక కుర్చీ లోపల ఉంచితే సరిపోతుంది.

బడి అయితే ఇంకొకటి చూడాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడికి అడ్డంకుల్లేని దారి ఉండాలని చెబుతోంది. చాలా బళ్ళలో వరండాకి ర్యాంపు ఉంటుంది. బాత్రూము ముందు మాత్రం ఎనిమిదంగుళాల మెట్టు ఉంటుంది. ఆ మెట్టు ఎక్కలేని ఆడపిల్ల పొద్దున్నించి సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగకుండా కూర్చుంటుంది. కాబట్టి గుమ్మం కొలిచి తిరిగి రాకండి. బాత్రూము దాకా వెళ్ళి అదీ కొలవండి. ఆ లెక్కలు కాగితం మీద రాసి గ్రామసభలో ఇవ్వండి, బడి కమిటీకి ఇవ్వండి. కదలకపోతే రాష్ట్రంలో వికలాంగుల కమిషనర్ ఉంటారు. ఫిర్యాదు చేయడానికి వికలాంగులే కానక్కర్లేదు. మామూలు పౌరులు కూడా రాయొచ్చు. ఇప్పటికే నిటారుగా కట్టిన ర్యాంపు ఉంటే పగలగొట్టక్కర్లేదు. దాని మీదే కొత్త పోత వేసి కింది వైపు పొడవు పెంచమనండి. ఆరంగుళాల ఎత్తుకి రెండడుగులే ఉంటే, ఇంకో నాలుగడుగులు. అది ఆరాక దాని ముందు మోటారు సైకిళ్ళు పెట్టకుండా చూసుకోండి.